ఆవిలా గోడల వెంట ఒక రోజు

48వ కీర్తన చివర్లో కీర్తనకారుడు ఆరాధనకు వచ్చినవారికి ఒక పని అప్పగిస్తాడు. పట్టణం చుట్టూ నడిచి చూడమంటాడు, బురుజుల లెక్క తీయమంటాడు, చూసినదాన్ని పిల్లలకు చెప్పమంటాడు. ఈ వాక్యభాగం మీద మేము చాలాసార్లు ప్రసంగించాం. కానీ ఒక ప్రాకారం పక్కన నిజంగా కాళ్లు నొప్పి పుట్టేలా నడిచి బురుజులు లెక్కపెట్టింది మాత్రం మొన్న వసంతంలోనే. అదీ యెరూషలేములో కాదు, స్పెయిన్ దేశంలోని ఆవిలా పట్టణంలో.

సంఘ పరిచర్య పని మీద మాడ్రిడ్ వెళ్లాం. తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీ దొరికింది. ఆవిలా అక్కడికి వాయవ్యంగా సుమారు 110 కిలోమీటర్లు. పొద్దున్నే రైలెక్కితే ఫలహారం వేళకు దిగిపోవచ్చు. సముద్రమట్టానికి 1,130 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరది. మాడ్రిడ్‌లో చొక్కా సరిపోయింది, ఆవిలా ప్లాట్‌ఫాం మీద కాలు పెట్టగానే మా శ్రీమతి సంచిలోంచి శాలువా తీసింది. స్టేషన్ నుంచి గోడల దాకా ఇరవై నిమిషాల నడక. దారి పొడుగునా మామూలు అపార్ట్‌మెంట్లు, మందుల షాపులు, బేకరీలే. ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా బూడిదరంగు రాతి గోడ, దాని మీద బురుజు పక్కన బురుజు, కనుచూపు మేర వరుసగా నిలబడి ఉంటాయి.

ముందు గోడ సంగతి చెప్పాలి. 11వ శతాబ్దం చివర్లో, తొలేదో పట్టణాన్ని ముస్లిం పాలకుల నుంచి స్వాధీనం చేసుకున్న తరువాత, క్రైస్తవ రాజులు ఈ ప్రాంతంలో మళ్లీ జనాన్ని స్థిరపరచడం మొదలుపెట్టారు. ఆ కాలంలోనే, రాజుగారి అల్లుడు బర్గండీ రేమండ్ ఆధ్వర్యంలో, ఈ గోడ పని మొదలైందని పరంపరగా చెబుతారు. చుట్టుకొలత రెండున్నర కిలోమీటర్లు. సగటు ఎత్తు 12 మీటర్లు, మందం 3 మీటర్లు. లోపలి స్థలం 31 హెక్టార్లు, అంటే మన లెక్కలో 75 ఎకరాల పైచిలుకు. ద్వారాలు తొమ్మిది. బురుజులు కొందరి లెక్కకు 87, కొందరి లెక్కకు 88. మేము యాభై దాటాక లెక్క తప్పాం, కాబట్టి ఆ తగాదా తీర్చలేం. యూరప్‌లో ఇంత పూర్తిగా నిలిచిన మధ్యయుగపు గోడలు చాలా తక్కువ. 1985లో యునెస్కో ఈ పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

దగ్గరికి వెళ్లి చూస్తే గోడలో అన్నీ ఒక రకం రాళ్లు కావు. తూర్పు వైపు కొన్నిచోట్ల రోమన్ల కాలపు సమాధిరాళ్లు కనిపిస్తాయి. కట్టేవాళ్లకు రాయి కావాలి, పాత శ్మశానం దగ్గరలోనే ఉంది, తెచ్చి పేర్చేశారు. ఆ రాళ్ల మీద పేర్లు చెక్కించుకున్న మనుషులు తమ జ్ఞాపకచిహ్నం ఒక కోటగోడలో ఇటుకలా కలిసిపోతుందని కలలో కూడా అనుకొని ఉండరు. ఒక శ్మశానపు రాళ్లు మరొకరి కట్టడంలోకి పోవడం గుర్తుపెట్టుకోండి, సాయంత్రం మళ్లీ ఆ మాట వస్తుంది.

గోడ చేరగానే మొదట ఎదురయ్యేది సాన్ విసెంతే చర్చి. ఇది ప్రాకారం బయట ఉంది. విసెంతే అనే యువకుడు, సబీనా, క్రిస్తేతా అనే అతని ఇద్దరు చెల్లెళ్లు డయోక్లీషియన్ చక్రవర్తి హింసల కాలంలో, 4వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో, క్రీస్తు కోసం చంపబడ్డారు. ఆ స్థలంలోనే ఈ చర్చి కట్టారని పరంపర. లోపల 12వ శతాబ్దపు స్మారక సమాధి ఉంది. దాని పక్కలమీద వారి కథంతా బొమ్మల్లో చెక్కారు: పట్టుకోవడం, పారిపోవడం, మళ్లీ పట్టుబడడం, హింస, మరణం. చదువు రాని విశ్వాసికి అది రాతి సండేస్కూల్ పుస్తకం.

మమ్మల్ని అక్కడ ఎక్కువసేపు నిలబెట్టింది చివరి బొమ్మలు. ఆ దేహాలను అపహసించడానికి ఒక యూదుడు వచ్చాడట, ఒక పాము అతన్ని చుట్టేసిందట. అతను క్రీస్తును వేడుకొని, విడుదల పొంది, మారుమనస్సుతో ఈ మొదటి చర్చిని తానే కట్టించాడట. ఆ మనిషి పని చేస్తున్నట్టు శిల్పి చెక్కాడు. యూదుణ్ణి మొదట అపహాసకుడిగా చూపడంలో ఆ కాలపు దురభిమానం ఉంది, అది కాదనలేం. అయినా కథ ముగిసేచోటు చూడండి: యూదుల్లోంచి వచ్చిన విశ్వాసి ఒకడు ఈ సంఘానికి పునాది రాయి పెట్టినవాడు. 12వ శతాబ్దపు ఆవిలా ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడలేదు, రాతి మీద చెక్కించుకుంది. మరో మూడు వందల ఏళ్లకు అదే ఊళ్లో అలాంటి మనిషి మనవలు తమ తాత పేరు దాచుకోవలసి వచ్చింది.

అక్కడి నుంచి లోపలికి వెళ్లి కథీడ్రల్ చూశాం. విచిత్రమేమంటే దాని బలిపీఠం వెనుక అర్ధచంద్రాకారపు భాగమే పట్టణపు గోడలో ఒక బురుజు. పైన బాణాలు వేసే పహరా గోడ, కింద ప్రార్థన. లోపలి స్తంభాల రాయి తెల్లగా, మధ్యమధ్య ఎర్రటి మరకలతో ఉంటుంది, రక్తం ఒలికినట్టు. దగ్గర్లోని గనుల్లో దొరికే రాయి అది. అందంగానే ఉంది. ఎండ పడినప్పుడు మరీ బాగుంటుందట, మాకు మబ్బే దొరికింది.

కథీడ్రల్ పక్కన, ఒకప్పుడు మాంసం అంగడిగా ఉన్న ఇంటి దగ్గర, టికెట్ తీసుకొని గోడ మీదికి ఎక్కాం. ఉత్తరం వైపు కిలోమీటరుకు పైగా నడవనిస్తారు. మెట్లు ఎత్తుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవారు ఆలోచించుకోవాలి. పైనుంచి ఒకవైపు పెంకుటిళ్ల కప్పులు, గంటగోపురాలు, వాటి మీద కొంగల గూళ్లు, మరోవైపు ఖాళీ పొలాలు, దూరంగా మంచు మిగిలిన కొండలు. తూర్పున నేల చదును కాబట్టి అక్కడ గోడ అన్నిటికంటే బలంగా కట్టారు. పడమర అదాహా నది వైపు నేలే జారి దిగుతుంది. కట్టినవాళ్లకు శత్రువు ఎటునుంచి వస్తాడో తెలుసు. కానీ గోడకు తెలియని శత్రువు ఒకడుంటాడు, వాడు లోపలే పుడతాడు.

పడమటి ద్వారం దగ్గర దిగి, వంతెన దాటి, నాలుగు స్తంభాలు అని పిలిచే చిన్న మంటపం దాకా వెళ్లాం. ఆవిలా ఫొటోలన్నీ ఇక్కడినుంచి తీసినవే. నది మీదుగా మొత్తం ప్రాకారం ఒక్క చూపులో కనిపిస్తుంది. ఏడేళ్ల పిల్ల ఒకతె తన అన్న చెయ్యి పట్టుకొని, ముస్లింల దేశానికి వెళ్లి క్రీస్తు కోసం తల నరికించుకుంటామని ఇంట్లోంచి బయల్దేరి, ఇక్కడే చిన్నాన్నకు దొరికిపోయిందని ఊరివాళ్లు చెబుతారు. ఆ పిల్ల పేరు తెరెసా.

మన పాఠకుల్లో చాలామందికి తెరెసా అంటే కోల్‌కతా మదర్ గుర్తుకొస్తారు. ఈమె వేరు. మదర్ తెరెసా తన పేరును ఫ్రాన్సు దేశపు లిసియూ తెరెసా నుంచి తీసుకున్నారు. ఆ లిసియూ తెరెసా చేరిన మఠ సంప్రదాయానికి మూలం ఈ ఆవిలా తెరెసా. 1515 మార్చి 28న పుట్టి 1582లో మరణించింది. ప్రార్థన గురించి ఆమె రాసిన పుస్తకాలను నాలుగు వందల ఏళ్లుగా చదువుతున్నారు. 1970లో రోమన్ కాథలిక్ సంఘం ఆమెను సంఘోపదేశకురాలిగా ప్రకటించింది, ఒక స్త్రీకి ఆ గౌరవం ఇవ్వడం అదే మొదలు. మనం పరిశుద్ధుల అవశేషాలకు మొక్కేవాళ్లం కాము. ఆమె పుట్టినింటి స్థలంలో 17వ శతాబ్దంలో కట్టిన చర్చి పక్కగదిలో ఆమె వేలు గాజుపెట్టెలో ఉంచారు, మేము చూసీ చూడనట్టు వచ్చేశాం. కానీ ఆ ఇంటి కథ మాత్రం ఏ సంఘంవారికైనా పనికొస్తుంది.

ఆ ఇంటికి వెళ్లాలంటే నైరుతి మూలన మాలావెంతూరా అనే చిన్న ద్వారం దాటి రావచ్చు. ఆ పేరుకు దురదృష్టమని అర్థం. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల యూదుల వాడ ఉండేది. పెద్ద ద్వారాలకు ఉన్నట్టు దీనికి జంట బురుజుల ఆడంబరం లేదు. ఇక్కడ ఆగి ఆ రోజుల చరిత్ర కొంచెం చెప్పక తప్పదు.

1391లో స్పెయిన్ అంతటా యూదుల మీద దాడులు జరిగాయి. ప్రాణభయంతో వేలమంది బాప్తిస్మం తీసుకున్నారు. వారినీ వారి పిల్లలనూ కొత్త క్రైస్తవులు అన్నారు. బాప్తిస్మం అయ్యాక ఇక అందరూ ఒకటే కావాలి. కాలేదు. 1449లో తొలేదో పట్టణం ఒక శాసనం చేసింది: యూదుల సంతతి అయితే, క్రైస్తవులైనా సరే, పట్టణంలో పదవులకు అనర్హులు. అప్పటి పోపు ఐదవ నికొలస్ అదే ఏడాది దాన్ని ఖండించాడు. విశ్వాసుల మధ్య ఇలాంటి తేడా క్రీస్తు శరీరాన్ని చీల్చడమే కదా. అయినా ఆ ఆలోచన ఆగలేదు. కాలేజీలు, మఠాలు, కథీడ్రళ్లు ఒక్కొక్కటే అలాంటి నియమాలు పెట్టుకున్నాయి. 1547లో తొలేదో కథీడ్రల్ కూడా పెట్టుకుంది. దీనికి వాళ్లు ఇచ్చుకున్న పేరు రక్తశుద్ధి. గురువు కావాలన్నా, గౌరవమైన పదవి కావాలన్నా, ముందు వంశం విచారణ. తాత ఎవరు, ముత్తాత ఎవరు, ఏ ఊరినుంచి వచ్చారు. ఆ నియమం నిజంగా అమలైతే పేతురుకు, పౌలుకు ఆ కథీడ్రల్‌లో ఉద్యోగం దొరకదు. కన్య మరియ కుమారుడికీ దొరకదు.

ఇక తెరెసా ఇంటి విషయం. ఆమె తాత హువాన్ సాంచెస్ తొలేదోలో బట్టల వర్తకుడు, యూదుల నుంచి వచ్చిన కుటుంబం. రహస్యంగా యూదు ఆచారాలు పాటించారన్న నేరం మీద 1485లో విచారణ న్యాయసభ ముందు తప్పు ఒప్పుకోవలసి వచ్చింది. శిక్షగా శిలువ గుర్తున్న అవమానపు అంగీ తొడుక్కొని, ఏడు శుక్రవారాలు చర్చినుంచి చర్చికి జనం మధ్య నడిచాడు. అలాంటి అంగీలను తరువాత పేర్లతో సహా చర్చిలో వేలాడదీయడం ఆ రోజుల్లో ఆనవాయితీ. మనవలు ఆరాధనకు వచ్చి తలెత్తితే తాత సిగ్గు కనిపించాలి. ఆయన ఊరు వదిలి ఆవిలాకు వచ్చి మళ్లీ వ్యాపారం పెట్టాడు. కొడుకులు సాంచెస్ అనే పేరును వెనక్కి నెట్టి, సెపెదా అనే గౌరవమైన పేరు పెట్టుకున్నారు, గొప్ప కుటుంబాల పిల్లలను పెళ్లి చేసుకున్నారు. 1519లో తాము పన్ను కట్టక్కర్లేని పెద్ద వంశంవాళ్లమని కోర్టుకు వెళ్లారు. సాక్షులు తాతగారి ఏడు శుక్రవారాల సంగతి చెప్పారు. అయినా కొన్నేళ్లకు తీర్పు వీరి వైపే వచ్చింది. అప్పటికి తెరెసా చిన్నపిల్ల.

ఆమె తన జీవితకథ రాసినప్పుడు తల్లిదండ్రుల భక్తి గురించి రాసింది, తాత గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆ కోర్టు కాగితాలు బయ్యదోలిద్ పట్టణంలోని పాత దస్తావేజుల్లో పడి ఉన్నాయి. 1946లో ఒక పరిశోధకుడు వాటిని ప్రచురించేదాకా, స్పెయిన్ దేశం తన ప్రియమైన భక్తురాలిని స్వచ్ఛమైన పాత క్రైస్తవ వంశపు బిడ్డ అనే అనుకుంది.

మధ్యాహ్నం భోజనం గురించి ఎక్కువ చెప్పం. ఆవిలా గొడ్డుమాంసానికి ప్రసిద్ధి, పళ్లెం నిండా ఒకే ముక్క వస్తుంది. తెరెసా పేరు పెట్టి అమ్మే గుడ్డు పచ్చసొన మిఠాయి కూడా తిన్నాం. మన నోటికి తీపి కాస్త ఎక్కువే.

తరువాత అల్కాసర్ ద్వారం గుండా మళ్లీ బయటికి వచ్చి, దిగువన ఉన్న సాంతో తొమాస్ మఠానికి నడిచాం. ఇది 1493లో పూర్తయిన డొమినికన్ మఠం. మూడు నడవలు, ఒకదాని తరువాత ఒకటి. బలిపీఠం ముందు పాలరాతి సమాధి, రాజు ఫెర్దినాందు, రాణి ఇసబెల్లాల ఒక్కగానొక్క కొడుకు హువాన్‌ది. 1497లో 19 ఏళ్లకే చనిపోయాడు. రాతిలో పడుకున్న ఆ కుర్రవాడి ముఖం చూస్తే ఏ తల్లిదండ్రులకైనా గుండె చిక్కబడుతుంది. కానీ ఈ కట్టడానికి డబ్బు కొంత ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి. విచారణ న్యాయసభ శిక్షించినవారి నుంచి జప్తు చేసిన ఆస్తి ఇందులోకి వచ్చింది. ఆ న్యాయసభకు అధిపతి తోమాస్ దె తోర్కెమాదా 1498లో ఇక్కడే చనిపోయాడు, ఇక్కడే పాతిపెట్టారు.

ఈ ఊళ్లోనే 1491 నవంబరులో, ఒక క్రైస్తవ బాలుణ్ణి చంపారన్న అభియోగం మీద కొందరు యూదులనూ కొత్త క్రైస్తవులనూ కాల్చి చంపారు. ఏ ఊళ్లోనూ ఏ బిడ్డా తప్పిపోయినట్టు ఎవరూ చెప్పలేదు, ఏ శవమూ దొరకలేదు. ఐదు నెలలు తిరగకుండా, 1492 మార్చి 31న, యూదులందరూ దేశం విడిచిపోవాలని ఆజ్ఞ వెలువడింది. ఇంకో సంగతి. ఈ తోర్కెమాదాకు పినతండ్రి వరుసైన కార్డినల్ హువాన్ దె తోర్కెమాదా 1450లో కొత్త క్రైస్తవుల పక్షాన ఒక గ్రంథమే రాశాడు, బాప్తిస్మం పొందినవారిని వంశం పేరున వేరుచేయడం తప్పని. ఒకే ఇంట్లో ఒక తరం ఆ మాట రాసింది, తరువాతి తరం ఈ పని చేసింది.

ప్రొటెస్టంట్లమైన మనం ఇది కాథలిక్కుల పాపమని చేతులు దులుపుకోలేం. 1543లో లూథరు యూదుల గురించి రాసింది చదివితే తల దించుకోవలసిందే. వారి సమాజమందిరాలను కాల్చివేయమన్నాడు.

సాంతో తొమాస్ నుంచి తిరిగి ఎక్కి వచ్చి సాన్ హొసే మఠం చేరాం. చిన్నది, సాదాది. 1562 ఆగస్టు 24న తెరెసా మొదలుపెట్టిన మొదటి మఠం. అంతకుముందు ఆమె ఊరికి ఉత్తరాన ఎన్కార్నసియోన్ అనే పెద్ద మఠంలో పాతికేళ్లకు పైగా ఉంది. అక్కడ దొరల బిడ్డలకు సొంత గదులు, పేరుకు ముందు దోన్యా అని గౌరవపదం, పేద ఇళ్లనుంచి వచ్చినవారికి ఉమ్మడి పడకగది. మన భాషలో చెప్పాలంటే దొరసానమ్మలు ఒకవైపు, మిగతావాళ్లు ఒకవైపు. ఇద్దరూ ఒకే కీర్తనలు పాడేవాళ్లే. తెరెసా ఆ పెద్ద మఠంలో రెండు గదులున్న దోన్యా. ఆ సౌకర్యం వదిలి, మొదట పదముగ్గురికి మించని ఒక ఇంట్లో అందరూ సమానంగా ఉండే సహవాసం కట్టింది.

ఆ సహోదరీలకు ఆమె రాసిపెట్టిన సలహాల్లో ఒకటి మాకు బాగా గుర్తుండిపోయింది. ఎవరి వంశం అందరికంటే గొప్పదో ఆమె తన తండ్రి పేరు అందరికంటే తక్కువగా ఎత్తాలట. వంశాల గురించి వాదన మొదలైతే అది తెగులులాంటిదని ఆమె భయం. క్రీస్తు బడిలో రాజవంశీకుడని ఆ రోజుల్లో అనుకునే బర్తొలొమయి కంటే చేపలు పట్టే పేతురుకే ఎక్కువ అధికారం ఇచ్చారు కదా అని గుర్తుచేస్తుంది. 1569లో తొలేదోలో మఠం పెట్టినప్పుడు సొమ్ము ఇచ్చింది వర్తక కుటుంబం. దొరలు కాని వారికి ఆ చర్చిలో హక్కులా అని ఊరి పెద్దలు అభ్యంతరం పెట్టారు. ఆమె వర్తకుల పక్షమే నిలబడింది. తొలేదో ఆమె తాత అంగీ తొడుక్కొని నడిచిన ఊరే.

పుట్టినప్పుడు ఆమె పేరు తెరెసా దె అహుమాదా, అది తల్లివైపు పేరు. కొత్త మఠంలో ఆ ఇంటిపేరు వదిలేసింది. అప్పటినుంచి సంతకం తెరెసా దె హెసూస్, యేసు తెరెసా. తాత ఇంటిపేరు దాచుకున్నాడు, తండ్రి మార్చుకున్నాడు, కూతురు అసలు ఇంటిపేరే లేకుండా చేసుకుంది. కుల పరీక్షలో నెగ్గడానికి పేరు మార్చుకోవడం ఒకటి, ఆ పరీక్షే వద్దని పేరు వదిలేయడం ఇంకొకటి. పౌలు ఫిలిప్పీయులకు తన గోత్రం, తన జనం, తన చదువు అన్నీ ఏకరువు పెట్టి, చివరకు అన్నిటినీ పెంటగా ఎంచుకున్నానన్న వాక్యభాగం మనకు కంఠస్థం. తెరెసా దాన్ని సంతకంలో పెట్టింది. ఆమె చనిపోయాక ఎక్కువకాలం గడవకుండానే ఆమె సంప్రదాయపు మఠవాసులే రక్తశుద్ధి నియమం పెట్టుకున్నారు. ఇంత చెప్పి అది చెప్పకపోతే అబద్ధమవుతుంది.

ఆ ఇంటిముందు బల్ల మీద కూర్చున్నప్పుడు మా శ్రీమతి ఒక ప్రశ్న వేసింది. "అంటే వీళ్లూ మీరేమిట్లు అని అడిగేవాళ్లన్నమాట."

ఆమె తమాషాకే అంది. కానీ ఆ మాట మేము మళ్లీ వదిలించుకోలేకపోయాం. మన సంఘాల్లో కొత్త కుటుంబం వస్తే మొదట ఊరు అడుగుతాం, తరువాత ఇంటిపేరు అడుగుతాం. ఇంటిపేరు వినగానే మన మనసులో ఒక గడి నిండుతుంది. నిండకపోతే ఇంకో ప్రశ్న. ఒకే సంఘం, ఒకే బల్ల, రెండు సమాధుల తోటలు ఉన్న ఊళ్లు మనకు తెలియవా? ఫలానా పేటలో ఫలానావారి చర్చి అని మనమే చెప్పుకోమా? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల సర్టిఫికెట్లో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు పెట్టుకొని బతుకుతున్న దళిత విశ్వాసుల బాధ వేరే సంగతి, వారిని ఇందులో కలపడం న్యాయం కాదు. ఇక్కడ మేము మాట్లాడుతున్నది అడిగేవాళ్ల గురించి. కులం అనే మాటకు యూరప్ భాషలన్నీ వాడే పదం పుట్టింది కూడా ఈ ద్వీపకల్పంలోనే. మన దేశం వచ్చిన పోర్చుగీసువాళ్లు మన కులాలను చూసి, తమకు అలవాటైన మాటతో కాస్తా అన్నారు. చూడగానే వాళ్లకు పరిచయమైన సంగతిలాగే అనిపించి ఉంటుంది.

రైలుకు ఇంకా గంటన్నర ఉంది. ఎన్కార్నసియోన్ చూసి స్టేషన్‌కు పోవచ్చని లెక్క వేసుకొని గోడ పక్కగా ఉత్తరానికి దిగాం. 1572 నుంచి 1577 దాకా సిలువ యోహాను అనే భక్తుడు ఇక్కడ ఆత్మీయ కాపరిగా ఉన్నాడు. సంస్కరణను సహించలేని సొంత సంప్రదాయపు సన్యాసులే అతన్ని ఎత్తుకుపోయి తొలేదోలో తొమ్మిది నెలలు చీకటి కొట్టులో పెట్టారు. మఠంలో తెరెసా గది, ఆమె వాడిన వస్తువులు చూపిస్తారు. పక్కనే ఒక చిన్న తోట ఉంది. 2012లో ఇక్కడ తవ్వుతుంటే యూదుల పాత శ్మశానం బయటపడింది. 1492 తరువాత చూసుకునేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఇప్పుడు అక్కడ స్మారకోద్యానం చేశారు. పొద్దున గోడలో చూసిన రోమన్ సమాధిరాళ్లు గుర్తుకొచ్చాయి. వీళ్లకు అలా గోడలోనైనా పేరు మిగల్లేదు. తెరెసా ఈ నేల పక్కనే పాతికేళ్లు ప్రార్థన చేసింది. తన తాత జనం ఇక్కడే ఉన్నారని ఆమెకు తెలుసా అని మా శ్రీమతి అడిగింది. మేము జవాబు చెప్పలేదు.

హెబ్రీ పత్రిక 13వ అధ్యాయంలో యేసు గవిని బయట శ్రమపడ్డాడని, ఆయన నింద మోస్తూ బయటికే వెళ్దామని ఉంది. ఆవిలా మ్యాపు తీసి చూశాం. సాన్ విసెంతే, సాన్ హొసే, ఎన్కార్నసియోన్, ఈ తోట, అన్నీ గోడ బయటే.

ఇంటికి వచ్చిన వారం మా పత్రిక పని మీద కూర్చుంటే, వివాహ ప్రకటనల కట్ట ముందుకొచ్చింది. పాతికేళ్లకు పైగా ఆ పుట నడుపుతున్నాం. దరఖాస్తు ఫారంలో పేరు, వయసు, చదువు, ఉద్యోగం, సంఘం, తరువాత ఒక గడి. ఆ గడిలో ఏం రాస్తారో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. దాన్ని పెట్టింది మేమే. విశ్వాసం మారిన తల్లిదండ్రుల బిడ్డలం, సెమినరీలో ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం, మధ్యగోడ పడగొట్టడం గురించి పరీక్ష రాసినవాళ్లం. ఆ గడి వల్ల ఎన్ని మంచి సంబంధాలు మా చేతులమీదుగా తప్పిపోయాయో లెక్క లేదు. కులపట్టింపు లేదు అని రాసినవారి ప్రకటనలు కూడా అదే పుటలో, ఆ మాట ఒక ప్రత్యేక ఉదారతలాగా, వేశాం.

సంపాదకవర్గం కూర్చొని మాట్లాడింది. కొందరు అభ్యంతరం చెప్పారు, ప్రకటనలు తగ్గిపోతాయని, తల్లిదండ్రులు ఫోన్ చేసి అడుగుతారని. ఆ రెండూ జరుగుతాయి. వచ్చే నెల మొదటి సంచిక నుంచి ఆ గడి ఫారంలో ఉండదు. ఫోన్ చేసి అడిగినా మా ఆఫీసులో ఎవరూ చెప్పరు. ఇప్పటికే సొమ్ము కట్టినవారు కొత్త ఫారం నింపి పంపవచ్చు, ఇష్టం లేనివారికి సొమ్ము తిరిగి ఇస్తాం.